బ్రాక్‌ఫీల్డ్‌లో అక్క మోటెల్

సెప్టెంబర్ 7, 2025, ఆదివారం

ఈ రోజు అక్క మళ్లీ నా గురించి సాక్ష్యం చెప్పింది.

రెజైనా తెలుగు ఫెలోషిప్‌లో పాటలయ్యాక సాక్ష్యాల టైమ్. ఉద్యోగం వచ్చినవాళ్లు, కెనడాలో ఉండిపోయే పీఆర్ వచ్చినవాళ్లు లేచి మైకు పట్టుకుని దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకోవాలి. అందరూ తమ సంగతి చెప్పుకుంటారు. మా అక్క జ్ఞానసుందరి మాత్రం పదకొండేళ్లుగా నా సంగతి చెబుతోంది. నా చెల్లి షెర్లీకి గవర్నమెంటు ఉద్యోగమొచ్చింది, స్తోత్రం. నా చెల్లిని మొగుడు వదిలేసినా దేవుడు వదల్లేదు, స్తోత్రం. ఒక ఏడాది నా ఐవీఎఫ్ ఫెయిలైన సంగతి కూడా మైకులో చెప్పి, నలభై మంది చేత నా వైపు చేతులు చాపించి ప్రార్థన చేయించింది. ఆ రోజు నేను వేసుకున్న పచ్చ చుడీదారు తర్వాత మళ్లీ వేసుకోలేదు.

ఇవాళ నా కొలెస్ట్రాల్ తగ్గిందట. ఫేస్‌బుక్ లైవ్‌లో. స్కార్‌బరోలో టోనీ కూడా చూసే ఉంటాడు. టోనీ అంటే ఆ వదిలేసిన మొగుడు.

అక్క నాకన్నా పద్నాలుగేళ్లు పెద్ద. అమ్మ పోయాక నర్సాపురంలో నన్ను పెంచింది, చదివించింది, ఇక్కడికి తెప్పించింది. నేనేమీ మర్చిపోలేదు. మర్చిపోయే సందు ఎక్కడిచ్చింది గనక? ఒళ్లు మండిపోతోంది. నలభై ఏడేళ్లొచ్చాయి నాకు.

సెప్టెంబర్ 9, మంగళవారం

హెదర్ తలుపు వేసి కొత్త ఫైలిచ్చింది. హెదర్ ప్రావిన్స్ గవర్నమెంటులో మా డైరెక్టర్. ముందు సంతకం పెట్టించుకుని తర్వాత మాట్లాడింది.

బ్రాక్‌ఫీల్డ్ ఎయిర్‌బేస్. ఇక్కడికి రెండు గంటల డ్రైవ్. దేశమంతా డిఫెన్స్ ఖర్చు పెంచుతున్నారని పేపర్లు రోజూ ఊదరగొడుతున్నాయి కదా, పెంచుతున్న మాట నిజమే. ఆ డబ్బు ఇటు రావడం లేదు, అంతే. పైలట్ ట్రైనింగంతా ఒకేచోట పెడతారట, తూర్పు వైపు. బ్రాక్‌ఫీల్డ్‌లో ఒక రాడారూ, దానికి కాపలాగా ఓ పదిమందీ మిగులుతారు. ఫిబ్రవరిలో ప్రకటిస్తారు. ఈలోగా మన ప్రావిన్స్‌కి ఎంత దెబ్బో, ఎన్ని ఉద్యోగాలు పోతాయో నేను లెక్క తేల్చాలి. బయటికి పొక్కితే ఉద్యోగం పోతుందని రెండుసార్లు చెప్పింది.

మా భాషలో ఉద్యోగాలు మూడు రకాలు. బేస్‌లో జీతం తీసుకునేవాడు డైరెక్ట్. బేస్‌కి పాలూ టైర్లూ అమ్మేవాడు ఇండైరెక్ట్. వీళ్లిద్దరి జీతాల మీద బతికే మంగలి, డెంటిస్టు, హోటల్లో కప్పులు కడిగే మనిషి ఇండ్యూస్‌డ్. మొదటి రకానికి ట్రాన్స్‌ఫర్ ఇస్తారు. మిగతా రెండు రకాలకీ సానుభూతి ఇస్తారు.

నాకీ పని ఇష్టం. ఎవరి మొహమూ చూడక్కర్లేదు.

సెప్టెంబర్ 26, శుక్రవారం

చూడాల్సి వచ్చింది. ఫీల్డ్ విజిట్. మామూలుగా ఏటా జరిగే సర్వే అని చెప్పమన్నారు, అలాగే చెప్పాను.

ఆరువేల మంది ఉన్న ఊరు. స్కూల్లో సగానికి పైగా బేస్ పిల్లలు. ప్రిన్సిపాల్ నాకు కొత్త క్లాసురూములు తిప్పి చూపించాడు, ఇంకా పెయింట్ వాసన పోలేదు. మెయిన్ స్ట్రీట్‌లో కెఫే నడిపే లొరేన్ అనే ఆవిడ కొత్త ఓవెన్ కొన్నానని, బేస్ పెరుగుతుందంటున్నారుగా, పాతది సరిపోదని అంది. అవునన్నట్టు తలూపి, ఆవిడ పెట్టిన ఆపిల్ పై ముక్క తిన్నాను. ఇండ్యూస్‌డ్, ఫుల్‌టైమ్ ఇద్దరు, పార్ట్‌టైమ్ నలుగురు అని రాసుకున్నాను. ఆపిల్ పై బాగుంది. ఇంకో ముక్క పార్సిల్ కట్టించుకున్నాను.

హైవే మీద ఒక మోటెల్ అమ్మకానికుంది. పద్నాలుగు గదులు. బేస్‌కి వచ్చే కాంట్రాక్టర్లే దానికి ప్రాణం. ఓనరు ముసలాయన మోకాళ్ల నొప్పులని అమ్మేస్తున్నాడట. అదృష్టవంతుడు.

అక్టోబర్ 13, సోమవారం, థాంక్స్‌గివింగ్

అక్క ఇంట్లో భోజనం. టర్కీ కోడికి అల్లం వెల్లుల్లి పట్టించి, పైన గరం మసాలా. మా సంతోషం బావ, నేను, కిరీటి, వాళ్లావిడ. కిరీటి హైదరాబాద్ నుంచి డాలస్ మీదుగా వచ్చిన సాఫ్ట్‌వేర్ మనిషి. భార్య కోసం ఫెలోషిప్‌కి వస్తాడు, బిర్యానీ కోసం ఉంటాడు. గచ్చిబౌలి చవగ్గా ఉన్నప్పుడు వాళ్ల నాన్న కొననందుకు ఇప్పటికీ ఏడుస్తాడు.

భోజనం మధ్యలో బావ పేపరు కటింగులు తెచ్చి టేబుల్ మీద పరిచాడు. డిఫెన్స్‌కి వేల కోట్లు అంటూ పెద్ద పెద్ద హెడ్డింగులు. అక్క చెప్పింది: బ్రాక్‌ఫీల్డ్‌లో హైవే మీద మోటెల్ ఒకటి చూశారట. కేర్‌హోమ్‌లో ముసలివాళ్లని ఎత్తీ దించీ నడుం పోయిందట, ఇక చెయ్యలేనంది. ఈ ఇల్లు అమ్మేసి, రిటైర్మెంట్ డబ్బు కలిపి అది కొనేసి, ఇద్దరూ అక్కడే ఉండిపోతారట. ఎయిర్‌ఫోర్స్ వాళ్లు వస్తూనే ఉంటారు, గదులు ఖాళీ ఉండవు అంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, చిన్నప్పుడు జ్వరం చూసినట్టు నా మొహంలోకి చూస్తూ, నువ్వు గవర్నమెంటులో ఉన్నావు కదే, కొనొచ్చంటావా అని అడిగింది.

అందరూ తినడం ఆపేశారు.

నేను చెప్పాల్సిన మాట మాకు ట్రైనింగ్‌లోనే నేర్పారు: ఆ విషయంలో నేనేమీ చెప్పలేను. ఆ మాటే చెప్పాను. అక్కడితో ఊరుకుంటే ఎవరూ నన్నేమీ అనలేరు. కానీ చెప్పాక నవ్వాను. ప్లేటులోకి చూస్తూ, పెదవి చివర. మన ఊళ్లల్లో గవర్నమెంటు మనిషి, నేనేం చెప్పగలనండీ అని అలా నవ్వితే దాని అర్థం ఏమిటో ఆ టేబుల్ దగ్గరున్న అందరికీ తెలుసు. బైపాస్ ఎటు వస్తుందో, కలెక్టరేట్ ఎక్కడ కడతారో మనవాళ్లు అలాగే కనిపెట్టి స్థలాలు కొంటారు. నాకూ తెలుసు. తెలిసే నవ్వాను.

బావ కుర్చీ వెనక్కి నెట్టి స్తోత్రం అన్నాడు. కిరీటి ఫోన్ తీసి బ్రాక్‌ఫీల్డ్ ఇళ్ల ధరలు వెతకడం మొదలుపెట్టాడు. అక్క నా ప్లేటులో ఇంకో ముక్క వేసింది.

రహస్యం చెప్పకూడదు, నిజమే. కానీ రహస్యం చెప్పకుండానే ఆపొచ్చు. ఈ వయసులో ఉన్న ఇల్లు అమ్ముకోవద్దు అనొచ్చు. బావకి షుగరు, ఆ ఊళ్లో హాస్పిటల్ లేదు అనొచ్చు. చలి అనొచ్చు. నాకు ఇష్టం లేదు అంటే కూడా అక్క ఆగిపోయేది. ఇవన్నీ అక్కడ కూర్చునే ఆలోచించాను. ఆలోచిస్తూనే టర్కీ తిన్నాను.

అక్టోబర్ 14, మంగళవారం

ఫోన్ చేసి చెప్పొచ్చు. చెయ్యలేదు.

అక్టోబర్ 19, ఆదివారం

అక్క సాక్ష్యం. బ్రాక్‌ఫీల్డ్ బేస్ పెద్దదవుతోంది, దేవుడు మాకు అక్కడ ఒక ద్వారం తెరిచాడు అంది. నా చెల్లి నోటితో చెప్పలేదు, చెప్పకూడదు కూడా, కానీ దాని మొహం నాకు చెప్పేసింది అంది. లైవ్ నడుస్తూనే ఉంది.

అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఇన్నేళ్లుగా ఆ చూపుల్లో జాలి ఉండేది. ఇవాళ గౌరవం. భోజనాల దగ్గర నన్ను లైన్లో ముందుకి పంపారు. కిరీటి నాకు పెరుగు వడ్డించి మరీ, మేడమ్, డుప్లెక్స్ అయితే సేఫ్ కదా అని చెవిలో అడిగాడు. ఆ విషయంలో నేనేమీ చెప్పలేనన్నాను. అబ్బో, ఎంత మురిసిపోయాడో.

నవంబర్ 5, బుధవారం

బ్రాక్‌ఫీల్డ్‌లో హోటళ్లు, మోటెళ్లు: మూడు. బేస్ వెళ్లిపోయిన ఏడాదికి ఎన్ని మిగులుతాయి? నా మోడల్ ప్రకారం, ఒకటి. హైవే వైపున్నది కాదు.

అక్క మధ్యాహ్నం ఫోన్ చేసింది. గదులకి కర్టెన్లు నీలం వేయాలా, గోధుమరంగు వేయాలా అని అడిగింది. స్క్రీన్ మీద ఆ లెక్కల టేబులే తెరిచి ఉంది. నీలం అన్నాను.

నవంబర్ 22, శనివారం

మోటెల్ ప్రతిష్ఠ ప్రార్థన. రెజైనా నుంచి ఆరు కార్లలో వెళ్లాం. మైనస్ పద్దెనిమిది. బావ స్వయంగా నిచ్చెనెక్కి బోర్డు మార్చాడు: బెతెల్ ఇన్. కింద చిన్న అక్షరాలతో, వెల్‌కమ్ ఎయిర్‌ఫోర్స్ ఫ్యామిలీస్.

రిబ్బన్ నన్ను కట్ చెయ్యమంది అక్క. నేను వద్దన్నాను. నువ్వు లేకపోతే ఇది లేదు, కట్ చెయ్యి అంది. అది నిజమే కదా. కట్ చేశాను. ఫోటోలో నేనే బాగా పడ్డాను.

వచ్చేటప్పుడు కారులో ఒక్కదాన్నే. ఏడుపొస్తుందేమో అని కాసేపు ఎదురుచూశాను. రాలేదు. పదకొండేళ్లు మైకులో నా బతుకంతా దులిపి ఆరేసిన మనిషి. నా గర్భసంచి గురించి నలభై మందికి చెప్పిన మనిషి. ఇప్పుడు ఆవిడకి తెలియనిది ఒకటి నా దగ్గరుంది. కడుపు నిండినట్టుంది. రాస్తుంటే సిగ్గుగా ఉంది, అయినా అదే నిజం.

డిసెంబర్ 25, గురువారం

మోటెల్‌లో పద్నాలుగు గదులూ నిండాయట. బావ ఫోన్‌లో పాట పాడాడు.

జనవరి 20, 2026, మంగళవారం

రిపోర్ట్ ఇచ్చేశాను. మొత్తం పోయే ఉద్యోగాలు వెయ్యిన్నీ నూట నలభై. హెదర్ చదివి, చాలా క్లీన్‌గా ఉంది, సెంటిమెంట్ ఎక్కడా లేదు అని మెచ్చుకుంది.

ఫిబ్రవరి 12, గురువారం

పదకొండు గంటలకి ప్రకటించారు. పదకొండూ పదిహేనుకి అక్క ఫోన్.

తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. ఏమేం అంటుందో, నేనేమేం అనాలో నాలుగు నెలలుగా అనుకుంటూనే ఉన్నాను. టీవీలో చూశాను, ఇదేమిటే షెర్లీ అంది. వెనక బావ దగ్గు వినబడింది. ఆ తర్వాత అక్క అడిగిన మొదటి మాట: నీ ఉద్యోగానికేం ఢోకా లేదు కదా? ఈ గొడవలో నిన్నేమైనా అంటారా?

లేదన్నాను. అయితే సరే అంది. దేవుడున్నాడు అంది. పాపం నీక్కూడా చెప్పలేదన్నమాట, పైవాళ్లంతా అంతేనే అంది.

ఛీ. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 28, శనివారం

మోటెల్‌లో మూడు గదులు. వచ్చే నెలకి ఒకటే బుకింగ్, అదీ సామాన్లు సర్దే కంపెనీ వాళ్లది. ఆ ఊళ్లో ఇప్పుడు ఇళ్లు కొనేవాడే లేడు, మోటెల్ ఎవడిక్కావాలి? అక్క అరవై ఒకటో ఏట మళ్లీ కేర్‌హోమ్‌కి అప్లై చేసింది. నడుముకి బెల్టు పెట్టుకుని వెళ్తుందట.

మార్చి 1, ఆదివారం

సాక్ష్యాల టైమ్‌లో కిరీటి లేచి మైకు లాక్కున్నాడు. డుప్లెక్స్ కొన్నాడు వెధవ, ఒకటి కాదు, రెండు. ఇంకో రెండు కుటుంబాలు కూడా కొన్నాయట. ఈ మేడమ్ నవ్వి మరీ మమ్మల్ని ముంచింది, ఈవిడకి ముందే తెలుసు, ఎవరి దగ్గర కమిషన్ తిన్నదో అడగండి అని అరిచాడు. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. ఎవరో కీబోర్డు వాయించి పాట ఎత్తుకున్నారు.

అక్క లేచి నిలబడింది. రెండు గంటలు మంచులో డ్రైవ్ చేసుకుని వచ్చిన మనిషి, కోటు కూడా విప్పలేదు. దాన్నేమీ అనొద్దు, పోయింది నా ఇల్లు, మీకన్నా నాదే ఎక్కువ పోయింది, నేనే ఏమీ అనట్లేదు అంది. తలకొట్టేసినట్టయింది నాకు. నేను చేసిందానికి కాదు. మళ్లీ నన్ను తనే కాపాడినందుకు.

మార్చి 17, మంగళవారం

కిరీటి మా మినిస్ట్రీకి కంప్లయింట్ పెట్టాడు. అక్టోబర్ 19 వీడియో, దానికి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ కూడా తనే వేసి పంపాడు.

ఇన్వెస్టిగేటర్ పేరు డగ్లస్. మర్యాదస్తుడు. లోపలి విషయం ఎవరికైనా బయటపెట్టానా లేదా, అదొక్కటే తనకి కావాలన్నాడు. జరిగింది జరిగినట్టే చెప్పాను: అక్క అడిగింది, నేనేమీ చెప్పలేనన్నాను. ఆయన తల ఊపి, అదే సరైన జవాబు అన్నాడు. నవ్వు గురించి అడిగితే, పండగపూట భోజనం దగ్గర నవ్వానేమో అన్నాను. నవ్వడం తప్పని ఏ రూల్లోనూ లేదన్నాడు. మీ అక్కగారు అదే మాట చెబితే ఫైలు మూసేస్తానన్నాడు.

బతికిపోయాను. అక్క అబద్ధం ఆడదు.

మార్చి 24, మంగళవారం

అక్క ఆడింది.

సాయంత్రం ఫోన్ చేసి సంబరంగా చెప్పింది. ఆ తెల్లాయన ఫోన్ చేశాడట. నీ పరువు నిలబెట్టానే అంది. ఏం చెప్పావు అన్నాను. మా చెల్లి నాకు అక్టోబర్‌లోనే చెప్పింది, బేస్ పోతోంది, కొనకక్కా అని కాళ్లావేళ్లా పడింది, నేనే చెవిన పెట్టలేదు అని చెప్పిందట. ఇక నిన్నెవరూ మోసగత్తె అనరు అంది.

మెట్ల మీద కూర్చున్నాను. అక్కా, నేను చెప్పానంటేనే తప్పు, చెప్పలేదంటేనే ఒప్పు, వెంటనే ఫోన్ చేసి నిజం చెప్పు అని బతిమాలాను. అరగంట బతిమాలాను. అక్కకి ఎక్కలేదు. చివరికి అంది: నువ్వు చెప్పలేదంటే, నీకు తెలిసి తెలిసి నా ఇల్లు అమ్మనిచ్చినట్టు అవుతుందే పిచ్చిదానా. నా చెల్లి గురించి అలాంటి మాట నా నోటితో నేనెలా చెబుతాను?

మార్చి 27, శుక్రవారం

హెదర్ నా కళ్లలోకి చూడటం లేదు. నా కంప్యూటర్ తీసేసుకున్నారు. వీడియోలో చెప్పలేదన్నది మిమ్మల్ని కాపాడటానికే అనుకుంటున్నారు పైవాళ్లు, సొంత అక్కే చెబుతుంటే మేమేం చెయ్యగలం అన్నాడు డగ్లస్. ఆ రోజుల్లో రాసి పెట్టుకున్నది ఏమైనా ఉందా, ఈమెయిల్, నోట్స్, ఏదైనా అని అడిగాడు.

ఉంది.

మార్చి 29, ఆదివారం

ఫెలోషిప్‌కి వెళ్లలేదు. పొద్దుటి నుంచీ ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను. అక్టోబర్ 13 ఒక్కటి చాలు. నేనేమీ చెప్పలేదని, చెప్పకుండా ఉండటానికి ఎంత ఇష్టపడ్డానో, అన్నీ ఉన్నాయి. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏ ఉద్యోగికీ ఉండదు. ఇది చూపిస్తే నేను నిర్దోషిని.

ఆ ఒక్క పేజీ చింపి ఇస్తే ఒప్పుకోరట. పుస్తకం మొత్తం ఇవ్వాలి. స్కార్‌బరోలో సర్టిఫైడ్ తెలుగు ట్రాన్స్‌లేటర్ ఒకాయన ఉన్నాడట. అక్క చేత కూడా చదివిస్తారేమో. కర్టెన్లు, రిబ్బను, ఆపిల్ పై ముక్క, అన్నీ.

చదవనీ. ఇల్లు ఎలాగూ పోయింది. నాకింకా పద్దెనిమిదేళ్ల సర్వీసుంది, పెన్షనుంది. ఇద్దరం మునగడం దేనికి? ఆవిడ పెంచింది నేను బతకాలనే కదా.

రేపు పొద్దున్నే ఇచ్చేస్తాను.

ఏప్రిల్ 16, గురువారం

పుస్తకం వాళ్ల దగ్గరే ఉంది. ఇది గ్యాస్ బిల్లు వెనక రాస్తున్నాను.

డగ్లస్ ఫోన్ చేశాడు. ట్రాన్స్‌లేషన్ బాగానే వచ్చిందట. అయితే ఇవన్నీ గొడవయ్యాక కూర్చుని రాసుకున్నవి కావని నమ్మకమేమిటని పైవాళ్లు అడిగారట. అందుకని అక్కని రెజైనాకి పిలిపించి అసలు పుస్తకం చేతికిచ్చారు. మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివిందట. మధ్యలో మంచినీళ్లడిగి తాగిందట. తర్వాత పుస్తకం మూసి, ఇది మా షెర్లీ చేతిరాత కాదు, దానికి పలక మీద అక్షరాలు దిద్దించింది నేనే, నాకు తెలియదా అందట. బైబిల్ తెప్పించుకుని మరీ ప్రమాణం చేసి, సంతకం పెట్టిందట.

సోమవారం ఆఫీసుకి వచ్చి నా సామాను తీసుకెళ్లమన్నారు.

అక్కకి ఫోన్ చేశాను. ఎత్తలేదు.